ఉప్పు మీద కేకు

ఫర్వానియాలో మా గదికి ఓవెన్ లేదు.
ఎనిమిది మంచాలు, ఒక స్టవ్వు,
గాస్కెట్ ఊడదీసిన నూర్జహానక్క కుక్కరు.
అడుగున రెండు గుప్పిళ్ళ రాళ్ళుప్పు పరిచి
పాలపొడి డబ్బాలో పిండి పోసి దించాను.
మైదా, నాలుగు గుడ్లు,
జీడిపప్పు బదులు ఖర్జూరం.
"విజిల్ పెట్టకే అమ్మాయ్, పేలిపోద్ది"
పై మంచం మీంచి శాంతమణి.

బయట దుమ్ము లేచింది.
కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కినా
జల్లెడలో సన్నగా కరకర.

శుక్రవారం. అమ్మకు సెలవు.
పొద్దున పదికి వదిలి
రాత్రి ఎనిమిదికల్లా రమ్మంటుంది వాళ్ళ మామా.
ఇక్కడ ఇంటామెను మామా అనాలి.
మేనమామలు ముగ్గురున్న నాకు
ఆ మాట ఆడమనిషి మీదికి తిరగడానికి ఏడాది పట్టింది.

అమ్మ పుట్టిందెప్పుడో అమ్మకు తెలీదు.
అవ్వ చెప్పేది ఒకటే:
శెనక్కాయలు పెరికే రోజులు, శుక్రవారం,
ఎద్దు తప్పిపోయిన శుక్రవారం.
సాయంత్రానికి ఎద్దు దొరికింది.
తేదీ దొరకలేదు.

పాసుపోర్టులో మాత్రం జనవరి ఒకటి.
అది ఏజెంటు చేతిరాత.
ముప్పై నిండని ఆడదాన్ని పంపరంట.
ఇరవై నాలుగేళ్ళ రెడ్డెమ్మకు
రాయచోటి జిరాక్సు షాపులో
టీ చల్లారేలోపు ఆరేళ్ళు కలిపాడు.
(నాకు నాలుగే కలిపారు. రేటు మాత్రం పెరిగింది.)

బకాలాలో అంకెల కొవ్వొత్తులు కొన్నాను.
ఒక నాలుగు, ఒక ఆరు.

అమ్మ వచ్చింది. అబాయా మేకుకు తగిలించి
కుక్కరు మూత తీయకముందే
"వెనీలా ఎక్కువైందే" అంది.
ఇరవై రెండేళ్ళుగా ఆ ఇంటి పిల్లలకు
గుర్రాలు, ఒంటెలు, రెండంతస్తుల విమానాలు
మైదాతో చేసిన చెయ్యి.
మాకు పంపిన ఫోటోల్లో
బెలూన్లు, టోపీలు, ఎవరెవరివో పళ్ళు.
అంచున ప్లేటు పట్టుకున్న ఒక చెయ్యి.
"అదే మీ అమ్మ" అని చూపించేది చిన్నమ్మ.
గాజుల్ని బట్టి నమ్మేదాన్ని.

డబ్బా బోర్లించాను.
నడుమ కుంగింది, మా చేలో కూలిన బోరు మాదిరి.
నూర్జహానక్క ఆ గుంతలో మీగడ పోసింది.
అంకెలు రెండూ గుచ్చి వెలిగించాం.
అమ్మ దగ్గరికొచ్చి చదివింది.
"నలభై ఆరా? కార్డులో యాభై రెండని ఉండాదే."
"ఆయప్ప కలిపినాడు గదమ్మా."
"మరి ఆ ఆరేండ్లు ఎవురివి?"

ఫ్రిజ్ గురగురమంది.
మైనం మీగడలోకి కారుతోంది.
"మిగిలాయనుకోండి పిన్నిగారూ, ఇక్కడ వాడెయ్యకుండా ఇంటికట్టుకెళ్ళండి"
అంది శాంతమణి.
ఎవరు ముందు నవ్వారో తెలీదు.
పక్క గది బెంగాలీవాళ్ళు గోడ కొట్టేదాకా నవ్వాం.

కత్తి అమ్మ చేతికిచ్చాను.
ఒక్క ముక్క కోసి నోట్లో పెట్టుకుంటుందని చూస్తే
రెప్పపాటులో తొమ్మిది ముక్కలు, కొలిచినట్టు.
అందరికీ పంచింది. ప్లేట్ల కింద కాగితాలు కూడా వేసింది.
తొమ్మిదోది ఫాయిల్లో చుట్టి సంచిలో పెట్టుకుంది.

ఫహద్‌కా అని అడగలేదు.
ఐదేళ్ళవాడు, అమ్మ వేలు పట్టుకుంటే గానీ నిద్రపోడు.
నాకు నాలుగేళ్ళప్పటి నుంచీ
ఆ వేలు ఈ దేశంలోనే ఉంది.
బస్సెక్కించి, చెయ్యి ఊపి,
మెట్లన్నీ లెక్కపెట్టుకుంటూ పైకొచ్చాను.
కుక్కర్లో ఉప్పు గోధుమరంగుకు తిరిగింది.
పారెయ్యలేదు, సీసాలో పోశాను.

పదకొండున్నరకు ఫోను. గుసగుసగా,
నీళ్ళ బొట్లు పడుతున్న చప్పుడు మధ్య:

"తిన్యా మే. ఒక్కదాన్నే.
బాత్రూంలో, లైటు వెయ్యకుండా.
అడుగున ఉప్పు తగిలింది లే.
ఈసారి డబ్బా కింద పళ్ళెం బోర్లించు."